సానమ్మ దాహం

స్ఫటికావతీ నగరాన్ని ఒక్కసారి దూరం నుంచి చూసినవాడు జన్మలో మరిచిపోలేడు. ఏడు కోటగోడలు, ఏడింటి మీదా పలుగురాతి బురుజులు, ఆ బురుజుల మీద పొద్దు పడితే ఆకాశంలో ఒక ముక్క విరిగి నేలమీద పగిలిందా అన్నట్టు మెరుపులు. రాజుగారి సింహాసనం స్ఫటికం, రాణిగారి అద్దం స్ఫటికం, ఆఖరికి పట్టపుటేనుగు మెడలో వేలాడే పూసలు కూడా స్ఫటికమే. పద్దెనిమిది దేశాల రాజులు ఆ మెరుపు తలుచుకుని నిద్రల్లో పళ్ళు కొరికేవారు.

ఆ మెరుపు పుట్టేది మాత్రం ఏడో గోడకి అవతల, ఉత్తరపు మూలనున్న సానవాడలో. మూడువందల గడపకీ కలిపి ఒకటే సానశాల. అందులో వరసగా తిరిగే సానచక్రాలకి పలుగురాళ్ళు ఆనించి అరగదీస్తుంటే తెల్లటి రాతిపిండి మంచులా లేస్తుంది. ఆ వాడలో వయసుతో నెరిసిన మగవాడి తల ఒక్కటీ లేదు. అయినా ప్రతి తలా తెల్లగానే ఉంటుంది. నలభై నిండిన సానగాడు ఎలా ఉంటాడో అక్కడ ఎవరికీ తెలియదు. మీసం మీద పిండి ఎంత మందంగా పేరుకుంటే వాడు అంత పనిమంతుడని పేరు. దులుపుకున్నవాణ్ణి "ఏరా, అత్తారింట్లో అలకపాన్పు ఎక్కడానికా?" అని ఏడిపించేవారు.

పేరిందేవి ఆ వాడలో పుట్టిన పిల్ల కాదు. తారావళి నదిలో మునిగి ముత్యపుచిప్పలు ఏరే మునకవాళ్ళ ఆడపడుచు. కోడలై వచ్చి రెండేళ్ళు. వచ్చిన కొత్తలో ఇంటింటా ఒకే రకం దగ్గు వినబడుతుంటే ఇదేదో వీళ్ళ ఆచారం కాబోలు అనుకుంది. ఇప్పుడా దగ్గు ఆమె మొగుడి గుండెలోకి వచ్చి కూర్చుంది.

ఆ ఉదయం వాడంతా డప్పులు. ఊయల పండుగ. ఏడాదిలో పుట్టిన పసిబిడ్డలకి సానశాలలోనే, తిరిగే చక్రాల పైన, దూలాలకు ఎర్రగుడ్డ ఊయలలు కట్టి పడుకోబెడతారు. చక్రం చప్పుడు జోలపాటగా విన్న బిడ్డకి పని దానంతటదే చేతికొస్తుందని వాళ్ళ నమ్మకం. పేరిందేవి అత్త ఓబులమ్మ, ఇంట్లో నిన్ననే చావైనా ఊయలకి మైల లేదని, ఏడునెలల మనవరాలు నీలికి తలంటి, కాటుక దిద్ది, చంకనేసుకుని అందరికంటే ముందే వెళ్ళిపోయింది. పేరిందేవి పక్కగుడ్డలు సర్దుకుని వెనకాలే బయలుదేరబోతుంటే, మొగుడు గౌరప్ప దొడ్డిదారిన వచ్చి చెయ్యిపట్టి గడ్డివామి చాటుకు లాగాడు.

"ఏంటి మావా, పట్టపగలు!"

"నవ్వులాట కాదే. నిన్న మా అన్నని కోటలోకి మోసుకెళ్ళాను గదా, సానగాళ్ళకి రాజలాంఛనాల దహనమని. అందరూ వచ్చేసినా నేను రాత్రంతా కట్టెల కుప్ప ఎనకాల ఉండిపోయా." గౌరప్ప దగ్గు ఆపుకోలేక గడ్డిలో మొహం దాచుకున్నాడు. తెరిపిన పడ్డాక అన్నాడు: "కాష్ఠం చల్లారాక రాజగురువు కపోతకంఠుడొచ్చాడు. పట్టకారుతో బూడిద కెలికి, అన్న రొమ్ముండే చోట రేగిపండంత రాయి తీశాడు. బూడిదరంగు రాయి. తీసి మెళ్ళో దండకి గుచ్చుకున్నాడు."

రాజగురువు మెడలోని ఆ బూడిదరంగు పూసల దండని వాడంతా కళ్ళకద్దుకుంటుంది.

"మన గుండెల్లోకి పోయిన పిండి గట్టిపడి రాయవుతాదంట పేరీ. అందుకే నీళ్ళు పోస్తా తిప్పే పాతకాలపు నీటిసాన మాన్పించి, కిటికీలు కట్టించి, పొడిసాన పెట్టించాడు. నూట ఎనిమిది పూసలైతే ఆడికిక చావు లేదు. నూట ఏడు అయినాయి. నడిమి పూస పసిబిడ్డదై ఉండాలని శిష్యుడితో చెప్తన్నాడు. ఈ ఏడు కట్టిన ఊయల ఏడాదిదాకా విప్పకూడదని రాజుగారి చేత ఆజ్ఞ ఏయించింది దానికే."

ఇదివరకు ఊయల ఒక్క ఘడియ కట్టి విప్పేవారు. ఏడాది! ఏడునెలల బిడ్డ గుండె ఎంత ఉంటుంది? పిచ్చుక గుడ్డంత. పేరిందేవి గబగబా వాడ గుమ్మం వైపు చూసింది. అక్కడ బల్లేలవాళ్ళు బారులు తీరి ఉన్నారు.

"పారిపోలేం," అన్నాడు గౌరప్ప. "పొద్దు నడినెత్తికొస్తే చక్రాలు తిప్పుతారు. ఈలోపు ఆపాలి. సానశాల మూల పాత తూముగది ఉంది. కొండకాలవ నీళ్ళు అక్కడికొచ్చి ఆగిపోయి ఉన్నాయి. తూముపలక ఎత్తితే శాలంతా నీళ్ళు పారతాయి. మా తాత ఎత్తేవాడు. నేనెత్తుతా. కానీ పలకకి బిగించిన బిరడా ఊడదీయడానికి చాలాసేపు పడుద్ది. అందాకా ఆళ్ళని ఎవరాపుతారు?"

పేరిందేవి ఒక్క రెప్పపాటు ఆలోచించింది.

"సానమ్మ ఆపుతుంది," అంది.

సానవాడలో అమ్మవారు ఎవరికి పూనినా ఆ ఘడియలో రాజైనా తలవంచాల్సిందే. పేరిందేవి జుట్టు విరబోసుకుంది. మొహాన చేటెడు పసుపు మెత్తి, బొట్టున్న చోట అరచేతంత కుంకుమ పులిమి, కళ్ళచుట్టూ బొగ్గు రాసుకుంది. వేపమండలు నడుముకు చుట్టుకుని, పసుపునీళ్ళ ఘటం నెత్తిన పెట్టుకుంది. గౌరప్ప ఎగాదిగా చూశాడు.

"నాకే భయమేస్తంది."

"పెళ్ళైనకాడి నుంచి నువ్వు భయపడింది ఇవాళే. పద మావా!"

సానశాల లోపల పట్టపగలే మసక. పైకప్పు సందుల్లోంచి దిగే ఎండ కడ్డీల్లో రాతిపిండి వెండిపురుగుల్లా ఈదులాడుతోంది. నలభై స్తంభాలు, స్తంభస్తంభానికీ స్ఫటికపు లతలు, లతలకు కెంపుల మొగ్గలు. ఆ వైభవం కింద వరసగా చక్రాలు, చక్రాల పైన ముప్పైరెండు ఎర్ర ఊయలలు. నడుమ వేదిక మీద కపోతకంఠుడు. మెడ పావురం మెడలా నీలం ఆకుపచ్చ కలిసి నిగనిగలాడుతుంది. మాట్లాడే ముందు గొంతులో గుర్రు గుర్రుమని కూస్తాడు. రొమ్ము మీద ఆ దండ. నడుమ ఒక్క పూస మేర ఖాళీ.

సానగాళ్ళు చక్రాలు తిప్పడానికి చేతులు వేశారు. డప్పులవాడు పుల్ల ఎత్తాడు.

"దాహం!"

ఆ కేకకి పుల్ల గాల్లోనే ఆగింది. గుమ్మంలో ఘటం నెత్తిన పెట్టుకుని ఊగిపోతూ ఒక స్త్రీ. జనం రెండుగా చీలిపోయారు. ఆ సందడి చాటున గౌరప్ప తూముగదిలోకి జారుకున్నాడు. "సానమ్మ! సానమ్మ తల్లి!" అంటూ ముందు వరసలో ఆడవాళ్ళు నేలమీద పడ్డారు.

"దాహంరా! నా చక్రాల ఒళ్ళు ఎండగట్టారు! నోట్లో చుక్కనీరు పోసినోడు లేడు! నీళ్ళు లేని సాన తిప్పితే వంశాలు పోతాయిరా!"

చేతులు వేసినవాళ్ళు చక్రాల మీంచి చేతులు తీసేశారు. కపోతకంఠుడు గుర్రుమని కూశాడు.

"అమ్మా, దయచేశావు, సంతోషం. అయితే నకిలీ పూనకాలు ఎక్కువైన రోజులివి. సానమ్మకు రాతిపిండే కదా ఊపిరి! నీ మొహాన పిండి జల్లిస్తాం. డప్పు మీద నూరు దెబ్బలు పడేవరకూ దగ్గకుండా, మొహం తుడుచుకోకుండా నిలబడు. నిలబడితే నీ మాటే మా మాట. దగ్గావా, ఆ చక్రానికే నీ తల ఆనిస్తాం."

"నూరేనా?" అంది పేరిందేవి. "లెక్క రాని వాళ్ళు పెట్టే పరీక్షలాగుంది."

అని గుండెనిండా ఊపిరి పట్టింది. వెంటనే శిష్యులిద్దరు చేటల్తో పిండి ఎగరవేశారు. మొహం, మెడ, కనురెప్పలు తెల్లబడిపోయాయి. డప్పు మోగడం మొదలైంది.

ఒకటి, రెండు, మూడు... నదిలో అయితే ఆమె మూడువందలదాకా మునిగి ఉండగలదు. ఇక్కడ నూరేగా అనుకుంది. నలభై. యాభై. కపోతకంఠుడు ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా వచ్చి చూస్తున్నాడు. అరవై.

అరవై మూడో దెబ్బకి మూడో వరసలో ఊయల కదిలింది. నీలి లేచింది. ముందు చిన్నగా కుయ్యిమంది, తర్వాత గుక్కపట్టింది. అది ఆకలి ఏడుపు. పొద్దున పట్టిన పాలు ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి.

తల తిప్పకూడదు. అమ్మవారికి ముప్పైరెండు ఊయలలూ ఒకటే. పేరిందేవి తల తిప్పలేదు, రెప్ప వెయ్యలేదు. కానీ తల్లి ఒళ్ళు ఎవరి మాటా వినదు గదా! రొమ్ములు చిమచిమలాడాయి. పాలు చేపుకొచ్చాయి. రవికె మీద రెండు తడిమచ్చలు రూకల్లా మొదలై అరచేతులంత అయ్యాయి.

"ఆహా!" అన్నాడు కపోతకంఠుడు. "అమ్మవారు ఈమధ్యే ప్రసవించినట్టుంది!"

జనంలో గుసగుస బయలుదేరింది. ఎనభై. నోరు తెరిస్తే ఊపిరి పోతుంది, తెరవకపోతే పరువు పోతుంది. బిడ్డ ఏడుస్తూనే ఉంది. తొంభై. తొంభై అయిదు. నూరు!

పేరిందేవి నెత్తిన ఉన్న ఘటాన్ని అలాగే తలమీద కుమ్మరించుకుంది. పసుపునీళ్ళు జలజలా కారి పిండినంతా కడిగేశాయి. అప్పుడు గాని ఆమె ఊపిరి తీసుకోలేదు. ఒళ్ళంతా తడే. ఏవి పాలో, ఏవి నీళ్ళో.

"లోకానికి అమ్మనని పిలుస్తూ, నాకు పాలెందుకొచ్చాయంటావురా పావురప్పిట్టా?"

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. కపోతకంఠుడి మెడ నీలం నుంచి నలుపు తిరిగింది. అతను ఊయల దగ్గర నిలబడిన ఓబులమ్మని వేలుతో చూపించాడు.

"ఇటురా ముసలిదానా! ఏడ్చింది నీ మనవరాలే కదా? సరిగ్గా చూసి చెప్పు. ఇది నీ కోడలు కాదూ?"

ఓబులమ్మ వచ్చింది. పసుపు కారిన ఆ మొహంలోకి తేరిపార చూసింది. రెండేళ్ళుగా రోజూ చూసే మొహం. అత్తకి ఆచారం ముందు అమ్మానాన్నలు కూడా లెక్కకి రారు. "నా కొడుకులిద్దర్నీ ఊయల్లో కట్టాను, ఏం, చచ్చారా?" అని నిన్ననే కోడలి నోరు మూయించింది. ఆ మాట అన్న గంటకే పెద్దకొడుకు పోయాడు.

"అమ్మా," అంది ఓబులమ్మ, చేతులు జోడించి. "పెద్దోడు నిన్న పోయాడు. చిన్నోడికి కూడా దగ్గొచ్చింది. రొమ్ములో పిల్లి కూసినట్టు కూత్తంది. ఆడికి తగ్గుద్దా?"

శాలంతా చెవులు రిక్కించింది. తగ్గుతుందని ఒక్క మాటంటే చాలు. ప్రతి ఇంట్లోనూ వినాలని కాచుకున్న మాట అది. పేరిందేవికి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"తగ్గదు," అంది. గొంతు సానమ్మది కాదు, తనదే. "రొమ్ములో చేరిన రాయిని నేను కూడా తియ్యలేను. ఇంకా చేరకుండా ఆపుకోండి. ఊయల్లో ఉన్నోళ్ళకి అసలే చేరకుండా చూసుకోండి. పిండికి నీళ్ళే విరుగుడు, గాలే విరుగుడు. మంత్రం లేదు."

ఓబులమ్మ జోడించిన చేతులు దించింది. కొంగుతో ముక్కు తుడుచుకుని రాజగురువు వైపు తిరిగింది.

"ఈవిడ నా కోడలు కాదు సామీ. నా కోడలు అబద్ధాలకోరు. కూరలో ఉప్పు రెండుసార్లు ఏసి, నేను కాదత్తా అంటది. ఈవిడ నిజం చెప్పింది. అమ్మవారే." తర్వాత గొంతు చించుకుని అరిచింది: "చూత్తా నిలబడ్డారేంటే! ఎవరి పిల్లల్ని ఆళ్ళు దింపుకోండి!"

ముప్పైఒక్క మంది తల్లులు ఒక్కసారిగా లేచారు. అదే సమయానికి మూల నుంచి ధనాలుమని శబ్దం వచ్చింది. తూముపలక లేచింది. ఏళ్ళ తరబడి ఎండిన కాలువల్లో కొండనీళ్ళు బుసలు కొడుతూ పరుగెత్తుకొచ్చాయి. చక్రాల చుట్టూ నీళ్ళు, స్తంభాల చుట్టూ నీళ్ళు, వేదిక చుట్టూ నీళ్ళు.

కపోతకంఠుడు దండ పట్టుకుని మంత్రం జపించాడు. దూలాల మీద, స్ఫటికలతల సందుల్లో ఏళ్ళుగా పేరుకున్న పిండి అంతా సుడి తిరిగి పైకి లేచింది. కాళ్ళు వచ్చాయి, చేతులు వచ్చాయి, తాటిచెట్టంత ధూళిభూతం నిలబడింది. దానికి మొహం లేదు. నోరు మాత్రం ఉంది. అది ఊపిరి తీస్తే శాలలో గాలంతా అటు పోతోంది. తల్లులు పిల్లల మొహాలకి కొంగులు కప్పి గుమ్మం వైపు ఉరికారు. బయటి నుంచి భటులు గడియ పెట్టేశారు!

"గొడ్డళ్ళు! తలుపు నరకండి!" అని ఓబులమ్మ సానగాళ్ళని తరుముతోంది.

పేరిందేవి ఊయల మీదకి ఎగిరి నీలిని లాక్కుని తడికొంగులో చుట్టేసింది. భూతం ఆమెకీ గుమ్మానికీ అడ్డంగా నిలబడి వంగింది. వంగితే దాని పాదం నీళ్ళలో పడి బురదై జారింది. మోకాలుదాకా కరిగి ఒక పక్కకి ఒరిగింది. ఆ ఒరిగిన సందులోంచి ఆమె తూముగదిలోకి దూరింది.

గదిలో గౌరప్ప నడుములోతు నీళ్ళలో, పైకెత్తిన తూముపలకకి భుజం ఆనించి నిలబడి ఉన్నాడు. పెదాలు నీలం తిరిగాయి.

"పలక నిలవడంలా. నేనొదిలితే పడిపోద్ది. పడితే నీళ్ళాగిపోతాయి, ఆ భూతం మళ్ళీ ఆరిపోయి లేచుద్ది. అందరూ బయటపడేదాకా నేనిక్కడే. కింద చూడు. పోయే నీళ్ళకి సొరంగం ఉంది. రాళ్ళు కడిగే మడుగులో తేలుతాది. పాపను తీసుకుపో!"

"నువ్వో?"

"మూడంకెలు లెక్కపెట్టే ఊపిరి లేదు నాకు. నేనొచ్చి ఏం చెయ్యను? పోవే!"

వెనక గోడకి పెద్ద చెయ్యి ఒకటి తగిలి రాళ్ళు రాలాయి. పేరిందేవి మొగుడి తడిమొహాన్ని ఒక్కసారి అరచేత్తో తడిమి సొరంగంలోకి దిగింది.

ముందు కొంతదూరం నీటికీ కప్పుకీ మధ్య జానెడు సందుంది. వెల్లకిలా ఈదుతూ, నీలిని ఆ సందులోకి ఎత్తిపట్టి నడిపించింది. చీకట్లో బిడ్డ ఏడుపే ఆమెకి దివిటీ. ఏడుస్తున్నంతసేపూ ఊపిరున్నట్టే. తర్వాత సందు అయిపోయింది. కప్పు నీళ్ళని తాకింది. అవతల ఎక్కడో పచ్చగా వెలుగు.

నీళ్ళు పోసేటప్పుడు పిల్లలు గుటక వెయ్యకుండా తల్లులు ఏం చేస్తారో లోకమంతటికీ తెలుసు. పేరిందేవి బిడ్డ మొహం మీద ఉఫ్ అని ఊదింది. నీలి ఉలిక్కిపడి ఊపిరి బిగబట్టింది. ఆ క్షణంలోనే మునిగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... గోడ గీరుకుని మోచెయ్యి చిట్లింది. ఏడు, ఎనిమిది. వెలుగు!

మడుగులో రాళ్ళు కడిగే ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. మడుగు మధ్యలో తెల్లటి నీళ్ళు ఉబుకుతున్న చోట ఒక పసుపు మొహం పైకి లేచింది, చేతుల్లో బిడ్డతో. బిడ్డలో చలనం లేదు. పేరిందేవి ఒడ్డున కూలబడి, బోర్లా తిప్పి వీపు తట్టింది. ముక్కు తన నోటితో పీల్చి ఉమ్మింది. తట్టింది. మళ్ళీ తట్టింది.

నీలి ఏడ్చింది.

పేరిందేవి ఆ రొమ్ముకి చెవి ఆనించి వింది. గరగర లేదు. కూత లేదు. శుభ్రమైన ఏడుపు. ఆ నీళ్ళ ఒడ్డున రోజంతా అదే రాయితో పనిచేసే ఆడవాళ్ళెవరూ దగ్గడం లేదని కూడా ఆమెకి అప్పుడే తట్టింది.

"మడుగు చూడండే!" అంది ముత్తి అనే ఒకావిడ, చంటిపిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది. "ఉబకడం ఆగిపోయింది."

నిజమే. మధ్యలో ఇందాకటిదాకా తెల్లగా పొంగిన నీళ్ళు చదునైపోయాయి. పలక పడిపోయింది. పలక కింద భుజం ఆనించినవాడు? దూరాన సానశాల వైపు నుంచి తలుపు విరిగిన చప్పుడు, ఆడవాళ్ళ కేకలు, పిల్లల ఏడుపులు గుంపుగా బయటికి పొంగుకొచ్చాయి. అందరూ బయటపడుతున్నారు. అతని పని అయిపోయింది. అతను మాత్రం పడిన పలక కింద, తూముగది నీళ్ళ అడుగున.

పేరిందేవి లేచింది. బిడ్డని ముత్తి ఒళ్ళో పెట్టింది.

"ఎడమవైపైతేనే సరిగా తాగుద్ది. తాగినాక భుజాన ఏసుకుని తట్టు, లేకపోతే కక్కుద్ది. తడిగుడ్డ మార్చు. ఎండలో పెట్టకు. వెక్కిళ్ళొస్తే..."

"నాకూ పిల్లలున్నారులేమ్మా!" అంది ముత్తి. "నువ్వెక్కడికి?"

"మా ఆయనకి ఊపిరి తీసుకెళ్ళాలి."

రాళ్ళు కడిగే పెద్ద రాగికాగు ఒకటి ఒడ్డున ఉంది. పేరిందేవి దాన్ని కుమ్మరించి, బోర్లించి, నిలువుగా నీళ్ళలోకి నొక్కింది. లోపలి గాలి లోపలే నిలిచింది. ఏమాత్రం వంకర పోయినా బుడగలై పోతుంది. దాన్ని రెండు చేతులా గుండెకి అదుముకుని, కదలకుండా, చేతి నుంచి చేతికి దీపం అందించుకునేదానిలా మెల్లగా మెల్లగా మునుగుతూ, ఆమె మళ్ళీ సొరంగం నోట్లోకి తల దూర్చింది.

ఒకటి. రెండు. మూడు.